చీలమండకు కట్టుకునే ఫస్ట్ ఎయిడ్ కిట్: ఏది తీసుకోవాలి, అసలు కాలికే కట్టుకోవాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అద్దాలు కోసి బిగించే వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్‌ని. పోయిన నెల మా దగ్గర పనిచేసే కుర్రాడి చేతిలోంచి అద్దం పలక జారి ముంజేయి లోతుగా తెగింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టె పై అంతస్తులో ఉంది, దానికి తాళం. తాళంచెవి దొరికేదాకా నా చొక్కా విప్పి గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకున్నాను. కుర్రాడు కోలుకున్నాడు కానీ ఆ నాలుగైదు నిమిషాలు నాకు ఇంకా కళ్లముందే ఉన్నాయి. అప్పటినుంచి ఏదో ఒకటి ఒంటిమీదే ఉండాలనిపిస్తోంది. నడుముకున్న బెల్ట్ నిండా పనిముట్లే. అందుకని చీలమండకు కట్టుకునే కిట్‌లు చూశాను. 22 వస్తువులతో నింపి అమ్మేది ఒకటి, జేబులు మాత్రమే ఉన్న ఖాళీ పట్టీ ఒకటి, టూర్నికెట్ (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) ఒక్కటే పట్టే సన్నది ఒకటి. ఏది తీసుకోమంటారు? టూర్నికెట్ కడితే చెయ్యో కాలో తీసేయాల్సి వస్తుందని ఇంట్లో అంటున్నారు, నిజమేనా? మూడేళ్ల కిందట ఒకరోజు ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకున్నాను. ఇంకో మాట, నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, సాయంత్రానికి పాదాలు కాస్త తిమ్మిరెక్కుతాయి.

జవాబు: ముందుగా ఒక మాట. ఆ రోజు మీరు చేసింది సరైన పని. చేతిలో ఏమీ లేనప్పుడు శుభ్రమైన గుడ్డతో గాయం మీద నేరుగా, వదలకుండా అదమడమే మొదటి చికిత్స. ఇక ముందు మీరు ఎంత మంచి కిట్ కొన్నా మొదట చేసేది అదే. తాళంచెవి కోసం మీరే మెట్లెక్కి పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మీరు కదలకుండా అక్కడే ఉన్నారు. ఆ నిమిషాలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ సంగతి కూడా గుర్తు తెచ్చుకోండి.

ఇక మీరు ఉత్తరం చివర్లో రాసిన షుగర్ సంగతి. నేను అక్కడినుంచే మొదలుపెడతాను, ఎందుకంటే కిట్ ఎంపిక మొత్తం దానిమీదే ఆధారపడి ఉంది.

ఆరేళ్లుగా షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే నరాలు దెబ్బతినడం మొదలై ఉండవచ్చు. అలాంటి కాలికి పట్టీ ఒరుసుకుని చర్మం లేచిపోయినా నొప్పి తెలియదు. తెలియని పుండు మానదు, మానని పుండు పెద్దదవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లలో రక్తప్రసరణ కూడా మందగించే అవకాశం ఎక్కువ. అలాంటి కాలికి రోజంతా బిగుతైన ఎలాస్టిక్ కట్టడం మంచిది కాదు. కాబట్టి ఏ పట్టీ కొనకముందే డాక్టర్‌కు పాదాలు చూపించండి. స్పర్శ ఎలా ఉంది, పాదంలో నాడి బాగా అందుతోందా అన్నది కొద్ది నిమిషాల్లో తేలిపోయే పరీక్షే. మీకనే కాదు, సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లకు, ఉబ్బిన సిరలున్నవాళ్లకు, కాలి సిరల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లకు కూడా ఇదే చెబుతాను.

డాక్టర్ వద్దంటే నిరుత్సాహపడకండి. ఒంటిమీద ఉండాలన్నదే కదా మీ కోరిక, కాలిమీదే ఉండాలని లేదు. తొడ పక్కన పెద్ద జేబున్న పని ప్యాంటులో ఇవే వస్తువులు బల్లపరుపుగా సర్దుకోవచ్చు. లేదా బెల్ట్‌కు అడ్డంగా తగిలించే సన్నటి సంచి దొరుకుతుంది. దానికోసం మీ బెల్ట్ మీద రోజూ వాడని పనిముట్టు ఒకదాన్ని తీసి పక్కన పెట్టవలసి రావచ్చు. అద్దాలు కోసే చోట నాకు నిజానికి ఇదే ఎక్కువ నచ్చుతుంది. నేలమీద గాజు పెంకులు ఉంటాయి. కాలి దగ్గరున్న వస్తువు తీయాలంటే వంగాలి, లేదా మోకాలి మీద కూర్చోవాలి. తొడ జేబైతే నిలబడే తీయవచ్చు.

డాక్టర్ పరవాలేదంటే చీలమండకే కట్టుకోండి. దానికీ మంచి గుణాలున్నాయి. నడుము ఖాళీగా ఉంటుంది, వంగి పనిచేస్తున్నప్పుడు పొట్టకు అడ్డుపడదు, బ్యాగ్‌లా ఎక్కడో మరిచిపోవడం ఉండదు. రోజులో ఎక్కువసేపు బండి నడిపేవాళ్లకైతే నేను దీన్నే ముందు చెబుతాను, ఎందుకంటే సీటు బెల్ట్ కింద నడుము దగ్గరున్నది తీయడం కన్నా కాలు మడిచి తీయడం తేలిక.

మూడింటిలో ఏదంటే, జేబులు మాత్రమే ఉన్న ఖాళీ పట్టీ. 22 వస్తువుల కిట్ వద్దు. అలాంటి కిట్‌లలో లెక్క పెంచేవి ఎక్కువగా చిన్న ప్లాస్టర్లు, స్పిరిట్ తుడుపులు, పిన్నీసులు. వాటివల్ల ఉపయోగం లేదని కాదు. వేలు తెగినవాడు నడిచి వెళ్లి పెట్టెలోంచి ప్లాస్టర్ తెచ్చుకోగలడు, పది నిమిషాలు ఆలస్యమైనా అతనికేమీ కాదు. తొడలోనో చంక దగ్గరో పెద్ద ధమని తెగినవాడికి ఆ పది నిమిషాలు ఉండవు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తం. తొడ ధమని పూర్తిగా తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఒంటిమీద మోసే చోటు ఆ కొద్ది నిమిషాలకే కేటాయించాలి. మిగతావన్నీ పెట్టెలో ఉండనివ్వండి.

ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. ఫస్ట్ ఎయిడ్ నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో నా పట్టీలో 11 వస్తువులు కుక్కాను. కాలు బరువెక్కేది, మెట్లు దిగుతుంటే పట్టీ జారి బూటు మీద పడేది. పది రోజులు కట్టాను, తర్వాత అల్మరాలో పెట్టేశాను. కొన్నాళ్లకు మా వీధి చివర సైకిల్ మీదనుంచి పడ్డ ఒక పెద్దాయనకు మోకాలి పైన ఇనుప చువ్వ దిగి తెగింది. కట్టడానికి నా దగ్గర ఏమీ లేదు, నా కిట్ అల్మరాలో ఉంది. ఆంబులెన్స్ త్వరగా వచ్చింది కాబట్టి ఆయన దక్కారు. ఆ రోజునుంచి నా పట్టీలో నాలుగే వస్తువులు. రోజూ కట్టుకుంటున్నాను.

మొదటిది టూర్నికెట్. చేతికి గానీ కాలికి గానీ చుట్టి, కడ్డీ తిప్పి బిగిస్తే ధమనిలో రక్తం ఆగేలా చేసే పట్టీ. డబ్బు విషయంలో వెనకాడకూడనిది ఈ ఒక్క వస్తువు దగ్గరే. క్యాట్ జెన్ 7, సాఫ్ట్-టీ వైడ్, సామ్ ఎక్స్‌టీ, ఈ మూడూ అమెరికా సైన్యానికి యుద్ధరంగ చికిత్స మార్గదర్శకాలిచ్చే కమిటీ సిఫారసు చేసిన జాబితాలో ఉన్నవి. క్యాట్ పట్టీ వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు. ఆ వెడల్పు చాలా అవసరం. బూటు లేసు, వైరు, సన్నటి తాడు లాంటివి కడితే చర్మాన్నీ నరాన్నీ కోసేస్తాయి కానీ లోపలి ధమని సరిగా మూసుకోదు. కడ్డీ లేకుండా సాగదీసి చుట్టే రబ్బరు రకాలు కాలి పట్టీలో సన్నగా ఇమిడిపోతాయి. అందుకే చాలామంది వాటికి ఆకర్షితులవుతారు. ఒంటిచేత్తో తనకు తాను సరైన బిగువుతో చుట్టుకోవడం మాత్రం కష్టం. మీకు అవి వద్దు. చీలమండకైతే సాఫ్ట్-టీ వైడ్ కాస్త బల్లపరుపుగా మడత పడుతుంది. మీరు శిక్షణలో వాడింది క్యాట్ అయితే అలవాటైన దాన్నే తీసుకోండి. కంగారులో చేతులు నేర్చుకున్నదే చేస్తాయి.

నకిలీల గురించి కూడా చెప్పాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండి, పదోవంతు ధరకు దొరికేవి ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. వాటితో వచ్చే సమస్య కడ్డీ దగ్గరే. గట్టిగా తిప్పేసరికి వంగిపోతుంది లేదా పుటుక్కున విరుగుతుంది. అప్పటికి గాయపడ్డవాడు రెండు నిమిషాల రక్తం పోగొట్టుకుని ఉంటాడు. తయారీ కంపెనీ తన వెబ్‌సైట్‌లో పేర్కొన్న అధీకృత అమ్మకందారు దగ్గరే కొనండి, కవరు మీద లాట్ నంబరు ఉందో లేదో చూడండి.

రెండోది గాజ్, అంటే గాయాలకు వాడే పలుచటి జాలీ గుడ్డ. గజ్జ, చంక, మెడ మొదలు, ఇవి టూర్నికెట్ కట్టడానికి వీలుకాని చోట్లు. అక్కడ గాయంలోకి గాజ్‌ను వేలితో లోతుగా కుక్కి, పైనుంచి రెండు చేతులతో అదమాలి. రక్తం గడ్డకట్టించే మందు పట్టించిన గాజ్ దొరుకుతుంది. క్విక్‌క్లాట్‌లో కేయోలిన్ అనే మట్టి ఖనిజం ఉంటుంది, సెలాక్స్‌లో రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఉంటుంది. కేయోలిన్ రకమైతే కుక్కాక కనీసం 3 నిమిషాలు కదపకుండా అదమాలి. ఖరీదనిపిస్తే పొరలు పొరలుగా మడిచి గాలి తీసి ప్యాక్ చేసిన మామూలు గాజ్ కొనండి. కాకపోతే ఇంకా ఎక్కువసేపు, ఓ పది నిమిషాలు అదమాలి. మందు సగం పని చేస్తే మీ చేతి బరువు మిగతా సగం చేస్తుంది. ఛాతీ, పొట్ట గాయాల్లో మాత్రం ఏమీ కుక్కకూడదు.

మూడోది ఒత్తిడి కట్టు, అంటే మెత్తటి దిండు కుట్టిన ఎలాస్టిక్ బ్యాండేజీ. మీ కుర్రాడి ముంజేతి లాంటి గాయానికి చాలాసార్లు ఇదే సరిపోతుంది. దిండును గాయం మీద పెట్టి గట్టిగా చుట్టేస్తే మీ చేతులు వేరే పనికి ఖాళీ అవుతాయి. నాలుగు అంగుళాల వెడల్పులో, బల్లపరుపుగా ప్యాక్ చేసినది అడగండి. గుండ్రంగా చుట్టినది చీలమండ దగ్గర గుడ్డులా ఉబ్బి ప్యాంటు పైకి లేస్తుంది.

నాలుగోది ఒక జత నైట్రైల్ గ్లవ్స్. టూర్నికెట్ కట్టిన సమయం రాయడానికి చిన్న మార్కర్ వాటి మడతలోనే దోపేయండి, అది వేరే చోటు తీసుకోదు.

ఇంతే. కొన్ని కిట్‌లలో ముక్కులోంచి గొంతులోకి దించే గొట్టం, ఛాతీలోంచి గాలి తీసే సూది ఉంటాయి. అవి పోలీసులు, సైనికులు, ఆంబులెన్స్ సిబ్బంది అవసరాలను చూసి కూర్చినవి. శిక్షణ లేనివాళ్ల చేతిలో ఆ సూది ప్రాణం తీయగలదు. ఛాతీ రంధ్రాన్ని మూసే అంటుడు పట్టీలు అంత ప్రమాదకరం కావు. మీ పనిలో పెద్ద పలక విరిగి ఛాతీలో గుచ్చుకునే అవకాశం ఉందనిపిస్తే, వాటిని ఎలా వాడాలో నేర్చుకున్నాక ఒక జత చేర్చుకోవచ్చు, బల్లపరుపుగానే ఉంటాయి. మాత్రలు మాత్రం కాలి దగ్గర పెట్టకండి. ఒంటి వేడికీ చెమటకూ పాడవుతాయి.

ఇంట్లోవాళ్ల భయం గురించి. అది గాల్లోంచి పుట్టినది కాదు. పాతకాలం యుద్ధాల్లో గాయపడ్డవాళ్లు ఆసుపత్రి చేరేసరికి చాలా గంటలు పట్టేది, కట్టిన కట్టు అలాగే ఉండిపోయేది, అవయవాలు పోయేవి. అందుకే చాలా ఏళ్లపాటు శిక్షణల్లో కూడా టూర్నికెట్‌ను అన్నిటికన్నా చివరి మార్గంగా చెప్పారు. 2006లో బాగ్దాద్‌లోని సైనిక ఆసుపత్రికి టూర్నికెట్‌లతో వచ్చిన 232 మందిని వైద్యులు పరిశీలించారు. టూర్నికెట్ వల్లనే చెయ్యో కాలో కోల్పోయినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. అదే పరిశీలనలో ఇంకో సంగతి తేలింది. రక్తం పోయి, రక్తపోటు పడిపోయే ప్రమాదస్థితి అయిన షాక్‌లోకి జారకముందే కట్టినవాళ్లలో 90 శాతం మంది బతికారు, షాక్‌లోకి వెళ్లాక కట్టినవాళ్లలో 10 శాతమే బతికారు. ఇంట్లోవాళ్లకు ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి. రెండు గంటల లోపు ఆసుపత్రికి చేరే పరిస్థితి ఉంటే అవయవానికి ముప్పు చాలా తక్కువ. అందుకే కట్టిన సమయం రాయడం. ఒకసారి బిగించాక మధ్యమధ్యలో వదులు చేయకూడదు, విప్పడం వైద్యుల పని.

ఎప్పుడు కట్టాలి అంటే, చేతికో కాలికో తగిలిన గాయం నుంచి రక్తం ఎగజిమ్ముతున్నా, ఆగకుండా కారి నేలమీద మడుగు కడుతున్నా, అదిమి పట్టిన గుడ్డ తడిసి పైకి వస్తున్నా కట్టాలి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, మోచేయి, మోకాలి కీళ్ల మీద పడకుండా. గాయం ఎక్కడుందో బట్టల్లో తెలియకపోతే ఆ చెయ్యి లేదా కాలి మొదట్లో, వీలైనంత పైన. రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పండి. విపరీతంగా నొప్పి పుడుతుంది, గాయపడ్డవాడు వదులు చేయమని బతిమాలతాడు. చేయకండి. ఒకటి ఆపకపోతే దానికి ఆనుకుని పైన రెండోది కట్టాలి. ఆంబులెన్స్‌కు ఫోన్ చేసే పని మీరు పెట్టుకోకుండా పక్కనున్నవాళ్లలో ఒకరికి వేలు చూపించి అప్పగించండి.

ఇక పట్టీ సంగతి. ఎలాస్టిక్ వెడల్పుగా ఉండాలి, లోపలివైపు మెత్తటి పొర ఉండాలి, ఉతకడానికి వీలుండాలి. పిక్క కింద ఇంకో సన్నటి బిగింపు పట్టీ ఉన్నది తీసుకుంటే కిందికి జారదు. జారకుండా ఉండాలని ప్రధాన పట్టీనే బిగించేస్తారు చాలామంది. పొరపాటు అది. దాని కింద ఒక వేలు సులువుగా దూరాలి. ఎప్పుడూ పొడవాటి సాక్స్ మీదే కట్టండి, చర్మం మీద కాదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు విప్పి ఐదు నిమిషాలు చర్మాన్ని చూసుకోండి, ఎర్రటి చార ఉన్నా, సాక్స్ గీతలు లోతుగా పడ్డా ఆ రోజుకు తీసేయండి. షుగర్ ఉంది కాబట్టి మీకు ఈ అలవాటు తప్పనిసరి.

ప్యాంటు కింది అంచు వదులుగా లేకపోతే ఈ ఆలోచనే మానుకోవాలి. బిగుతు జీన్స్ కింద కిట్ పట్టినా, అవసరమప్పుడు అంచు పైకి రాదు. కొనేముందు ఓ చిన్న పరీక్ష చేయండి. ఇంట్లో ఒక పాత సాక్స్‌ను నాలుగు మడతలు పెట్టి, మామూలు ఎలాస్టిక్ కట్టుతో కాలికి చుట్టుకుని ఒక పూట పనిచేయండి. నిచ్చెన ఎక్కండి, మోకాలి మీద కూర్చోండి. ఆ పూటంతా అది చికాకు పెడితే అసలు కిట్ కూడా చికాకే పెడుతుంది, డబ్బు మిగిలినట్టు.

ఏ కాలికి, ఏ వైపు అన్నదానికి ఒకే జవాబు లేదు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు ఎడమకాలి లోపలివైపు తేలికగా అందుతుంది, బల్లలకు, తలుపులకు తగలదు. నడకలో రెండు చీలమండలూ ఒరుసుకునేవాళ్లు బయటివైపు పెట్టుకోవాలి. టూర్నికెట్ మాత్రం ఏ చేత్తోనైనా లాగితే వచ్చేలా ముందువైపు జేబులో ఉండాలి. ఏ చెయ్యి తెగుతుందో ముందే తెలియదు కదా.

టూర్నికెట్ ప్లాస్టిక్ కవరు విప్పి, తయారీదారు చెప్పినట్టు మడత పెట్టి సిద్ధంగా ఉంచండి. రక్తంతో జారే వేళ్లతో ఆ కవరు చింపడం ఎంత కష్టమో తడి చేతులతో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. గాజ్, కట్టు కవర్లు మాత్రం విప్పకండి, అవి శుభ్రంగా ఉండాలి. వాటి అంచున చింపే గాటు పైకి కనిపించేలా పెట్టండి. నెలకోసారి అన్నీ బయటికి తీసి గడువు తేదీ, చెమ్మ, కవర్లకు పడ్డ చిల్లులు చూసుకోండి. కాలి దగ్గర తిరిగే కవరు బ్యాగ్‌లో ఉన్నదానికన్నా త్వరగా అరుగుతుంది.

మీ శిక్షణ జరిగి మూడేళ్లయింది. కిట్ కొనే నెలలోనే మళ్లీ ఒకసారి తీసుకోండి. రక్తస్రావం ఆపడం ఒక్కటే నేర్పే 'స్టాప్ ది బ్లీడ్' అనే శిక్షణ 2015లో అమెరికాలో మొదలై చాలా దేశాలకు వ్యాపించింది. దాదాపు రెండు గంటల్లో అయిపోతుంది. సాధనకు ఇంకో టూర్నికెట్ విడిగా కొనుక్కుని, దానిమీద మార్కర్‌తో 'సాధన' అని రాయండి. పదేపదే బిగించిన టూర్నికెట్ పట్టు సడలుతుంది, దాన్ని నిజమైన గాయానికి వాడకూడదు. కూర్చుని, నిలబడి, చీకట్లో, ఒంటిచేత్తో తీసి కట్టి చూడండి, నిమిషం లోపు రావాలి. కానీ మీ సొంత కాలిమీద పూర్తిగా బిగించి సాధన చేయకండి. ఆ పని మెత్తటి దిండు చుట్టిన కర్ర మీద చేయండి.

కిట్ మీ ఒంటిమీద ఉన్నా, మీరు సెలవు పెట్టిన రోజు ఆ వర్క్‌షాప్‌లో ఏముంటుంది? పై అంతస్తులో తాళం వేసిన పెట్టె. గాయపడింది మీరే అయితే మీ కాలికున్నది విప్పి వాడటం ఎవరికి తెలుసు? పట్టీ ఆర్డర్ పెట్టేలోపే యజమానితో మాట్లాడి ఆ పెట్టెను కోత బల్లలకు కనిపించే గోడకు దించండి, తాళం తీయించండి, అందులో రెండు టూర్నికెట్లు, గాజ్ చేర్పించండి. శిక్షణకు వెళ్లేటప్పుడు కనీసం ఇద్దరిని వెంట తీసుకెళ్లండి. ఆ ముంజేయి తెగిన కుర్రాడు వస్తానంటే మొదట అతన్నే తీసుకెళ్లండి.